ఫ్రెషర్‌ని, ఐసీయూలో వేశారు. వెంటిలేటర్ పేషెంట్‌ని ఒక్కదాన్నే చూడాలంటే ఏం నేర్చుకోవాలి?

కొత్త స్టాఫ్ నర్స్, గుంటూరు:
అక్కలందరికీ నమస్తే. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక ఈమధ్యే ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో జాయినయ్యాను, డైరెక్టుగా మెడికల్ ఐసీయూలో వేశారు. ట్రైనింగ్ అంటే హెచ్ఆర్ క్లాసు, ఫైర్ సేఫ్టీ, వేస్ట్ బ్యాగుల రంగులు, అంతే. ఇప్పుడైతే సీనియర్ సిస్టర్ పక్కనే ఉంటున్నా గానీ వచ్చే నెల నుంచి వెంటిలేటర్ బెడ్ నాకే ఇస్తారంట, అలారం మోగితే చేతులు వణుకుతున్నాయి. ఏసీఎల్‌ఎస్ (గుండె ఆగినప్పుడు చేసే అడ్వాన్స్‌డ్ చికిత్స కోర్సు) చేయమంటారా, డిప్లొమా చేయమంటారా?

ఐసీయూ ఇన్‌ఛార్జ్, హైదరాబాద్:
చెల్లీ, కోర్సులు తర్వాత. అలారం మోగితే మెషిన్‌ని కాదు, ముందు పేషెంట్‌ని చూడు. ఛాతీ రెండు వైపులా లేస్తోందా, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఎంతుంది, అది చూశాక శ్వాసనాళంలోని ట్యూబ్ జరిగిందా, సెక్రిషన్స్‌తో (కఫంతో) బ్లాక్ అయిందా, న్యుమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) అనుమానం ఉందా, వెంటిలేటర్ గొట్టాల సర్క్యూట్ ఊడిందా, ఇదే వరస. పెదవి దగ్గర ట్యూబ్ ఎంత మార్కులో ఉందో హ్యాండోవర్‌లోనే చూసి రాసుకుంటే జరిగిందో లేదో వెంటనే తెలుస్తుంది. శాచురేషన్ పడిపోతుంటే గట్టిగా కేకేసి డాక్టర్ని పిలిపించు, కారణం దొరక్కపోతే వెంటిలేటర్ నుంచి తీసి ఆంబూ బ్యాగ్‌తో (చేత్తో నొక్కి ఊపిరిచ్చే సంచి) 100 శాతం ఆక్సిజన్ ఇవ్వు. అందుకే డ్యూటీ ఎక్కగానే ఆంబూ బ్యాగ్ బెడ్ దగ్గరుందా, కఫం లాగే సక్షన్ మెషిన్ పనిచేస్తోందా చూసుకోవాలి. నోరాడ్ (బీపీ నిలబెట్టే నోరాడ్రినలిన్ మందు) సిరంజి అయిపోయేదాకా ఆగొద్దు, ఇంకోటి లోడ్ చేసి పెట్టుకో, మార్చే ఆ కాసేపట్లోనే బీపీ పడిపోతుంది. పొటాషియం క్లోరైడ్ మాత్రం ఎవరు చెప్పినా సరే డైరెక్ట్ పుష్ ఇవ్వకు, గుండె ఆగిపోతుంది.

యూకే ఐటీయూ నర్స్:
ఇన్‌ఛార్జ్ అక్క చెప్పింది ప్రింట్ తీసి పెట్టుకోమ్మా. ఇక్కడ ఐసీయూకి కొత్తగా వచ్చినవాళ్లని కొన్ని వారాలు సూపర్‌న్యూమరరీ అని పెడతారు, అంటే స్టాఫ్ లెక్కలో కలపరు, పక్కన ఒకరుండి నేర్పిస్తారు, కాంపిటెన్సీ బుక్‌లో ఒక్కో పని చేయించి సంతకం పెడతారు. మీ దగ్గర బుక్ లేకపోతే నువ్వే ఒక నోట్‌బుక్‌లో రాసుకుని ఏబీజీ (ధమని రక్తం శాంపిల్) తీయడం, సక్షన్, ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టి బీపీ చూసే లైన్) జీరో చేయడం లాంటివి మీ సీనియర్ చూస్తుండగా చేసి సంతకం అడుగు. సంతకం లేని పని ఒంటరిగా చేయలేనని చెప్పడానికి భయపడకు, అక్కడ పడుకున్న మనిషి ప్రాణం అది.

విజయవాడ సిస్టర్:
బీఎల్‌ఎస్ (సీపీఆర్ లాంటి ప్రాథమిక ప్రాణరక్షణ కోర్సు) ఇప్పుడే చేసెయ్, తర్వాత ఏసీఎల్‌ఎస్. రెండింటి కార్డూ రెండేళ్లే. క్రిటికల్ కేర్‌లో పోస్ట్ బేసిక్ డిప్లొమా ఏడాది, నర్స్ ప్రాక్టీషనర్ అయితే రెండేళ్ల పీజీ రెసిడెన్సీ, అవి కొంచెం అనుభవం వచ్చాక బాగా ఎక్కుతాయి. ఇంకోటి, వెంటిలేటర్ పేషెంట్‌కి ఒక నర్స్ ఉండాలనేది ఎన్ఏబీహెచ్ (హాస్పిటళ్లకి నాణ్యత గుర్తింపు ఇచ్చే బోర్డు) లెక్క, నీకు రెండు వెంటిలేటర్లు ఇస్తే నర్సింగ్ సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగానే చెప్పు, ఫ్రెషర్‌వి కదా అని ఊరుకోకు.

కొత్త స్టాఫ్ నర్స్, గుంటూరు:
చాలా థ్యాంక్స్ అక్కలూ. కఫ్ (ట్యూబ్ చివర గాలి నింపే బుడగ) ప్రెషర్ ఎంతుండాలి, మా దగ్గర చేత్తో నొక్కి చూస్తున్నారు?

ఐసీయూ ఇన్‌ఛార్జ్, హైదరాబాద్:
20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి, చేత్తో తెలీదమ్మా, మానోమీటర్ అడుగు. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచు, బీపీ మరీ తక్కువుంటే డాక్టర్ని అడిగి.