పాత పద్మినికి సెంట్రల్ లాకింగ్: పైరేకు చెడకుండా పెట్టించవచ్చా?

ప్రశ్న (తిరుపతి, భవానీ నగర్)

మాది 1986 ప్రీమియర్ పద్మిని. నాన్నగారు కొన్న కారు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. వెనుక తలుపులకు తాళంచెవి లేదు, లోపలి నుంచే లాక్ వేయాలి. కొండకు వెళ్లేటప్పుడు అలిపిరి తనిఖీ దగ్గర అందరూ దిగి, సామాను దించి, మళ్లీ ఎక్కే హడావుడిలో ఏదో ఒక తలుపు లాక్ పడకుండా మిగిలిపోతోంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, వంగి చూసుకోలేదు. అందుకే ఒక్క తలుపు లాక్ చేస్తే అన్నీ లాక్ పడే సెంట్రల్ లాకింగ్ పెట్టించాలని ఉంది. కానీ పైరేకుకు ఒక్క తూటు కూడా పడకూడదు. పాత బ్యాటరీ ఈ భారం మోయగలదా?

జవాబు (చిత్తూరు, గిరింపేట)

నిశ్చింతగా పెట్టించండి. నా పద్మినికి నేనే బిగించుకున్నాను, బయటి నుంచి చూస్తే ఎవరికీ తెలియదు. లాక్‌ను తోసే చిన్న మోటార్లు తలుపు లోపలి రేకుకే కూర్చుంటాయి, వాటి మీద డోర్ ప్యాడ్ (తలుపు లోపలి వైపు కప్పే అట్ట) వచ్చేస్తుంది.

అయితే కిట్ కొనడానికి ముందే ప్యాడ్లు విప్పి, లాక్‌ను చేత్తో కదిపి చూడండి. అసలు పని అక్కడే ఉంది. నలభై ఏళ్ల గ్రీజు గట్టిపడి ఉంటుంది. కిరోసిన్‌తో కడిగి కొత్త గ్రీజు పెట్టాక, ఒక వేలితో తోస్తే లాక్ పడాలి. అలా పడనప్పుడు మోటారు కూడా తొయ్యలేదు. ఈ మోటారు రాడ్ కదిలేది రెండు సెంటీమీటర్ల లోపే. అది లాక్ రాడ్ కదిలే దిశలోనే తిన్నగా ఉండాలి. వంకరగా బిగిస్తే రెండు రాడ్లను కలిపే క్లాంపు కొన్నాళ్లకు జారిపోతుంది.

మామూలు కిట్లలో ముందు తలుపు మోటారుకు ఐదు వైర్లు, వెనుకవాటికి రెండేసి ఉంటాయి. ముందు మోటారులో చిన్న స్విచ్ కూడా ఉంటుంది కాబట్టి, తాళంచెవి తిప్పినా మిగతా తలుపులు కదులుతాయి. వైర్లను తలుపు నుంచి దాని పక్కనున్న బాడీ స్తంభంలోకి తీసుకువెళ్లే చోట, రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ (అంచును కప్పే వలయం) తప్పనిసరి. రేకు అంచు వైరును కోస్తే షార్ట్ అవుతుంది. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరలో ఉండాలి.

బ్యాటరీ గురించి బెంగ వద్దు. మోటారు క్షణంలో పని ముగించి ఆగిపోతుంది. రిమోట్ ఉన్న కిట్ అయితే, దాని సిగ్నల్ అందుకునే రిసీవర్ మాత్రం ఎప్పుడూ కొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది. కారు వారాల తరబడి కదలకపోతే బ్యాటరీ కనెక్షన్ తీసేయండి.

జవాబు (శ్రీకాళహస్తి)

నవంబరు వానలు గుర్తుంచుకోండి. అద్దం వెంట దిగే నీరు తలుపు లోపలికే పోతుంది. అడుగున నీరు పోయే రంధ్రాలు శుభ్రం చేయించండి, ప్యాడ్ వెనుక ప్లాస్టిక్ షీటు మళ్లీ అతికించండి. నాది 1960ల నాటి అంబాసిడర్, దీనికీ ఇదే కిట్ సరిపోతుందా?

జవాబు (చిత్తూరు, గిరింపేట)

ముందు బ్యాటరీలో ఏ కొస బాడీకి కలిపి ఉందో చూడండి. ఆ కాలపు బ్రిటిష్ డిజైన్ కార్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్, అంటే ప్లస్ కొస బాడీకి కలిపి ఉంటుంది. ఇప్పటి కిట్లన్నీ నెగటివ్ ఎర్త్ కోసం చేసినవి. చూడకుండా కలిపితే రిసీవర్ కాలిపోతుంది.

ప్రశ్న అడిగినవారు (తిరుపతి)

చాలా సంతోషం అండీ. ఘాట్ మలుపుల్లో పిల్లలు వెనుక తలుపు తెరవకుండా కూడా ఇది ఆపుతుందా?

జవాబు (చిత్తూరు, గిరింపేట)

దాన్ని నమ్ముకోవద్దు. లోపలి హ్యాండిల్ లాగితే లాక్ విడిపోయే తలుపైతే మోటారు ఏమీ చేయలేదు. ప్యాడ్ విప్పినప్పుడే పరీక్షించండి. పిల్లలను మధ్యలో కూర్చోబెట్టండి. ఇంకొకటి, తాళంచెవి తిరిగే భాగాన్ని ఎవరు చెప్పినా తీయించవద్దు. పద్మిని బానెట్ లోపలి నుంచే తెరవాలి, కారు లాక్ అయి ఉండగా బ్యాటరీ దిగిపోతే లోపలికి వెళ్లే దారి ఆ చెవి ఒక్కటే. ప్యాడ్లు మూసే ముందే బ్యాటరీ తీసి, చెవితో తలుపు తెరిచి చూసుకోండి.