ఏడు నెలల్లో మూడుసార్లు తగ్గి మళ్లీ వచ్చింది. ప్రకృతి వైద్యంలో దారి ఉందా?

వానచినుకు:
అందరికీ నమస్కారం. ఇంట్లో ఎవరితోనూ నోరు విప్పి చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. నాకు 34 ఏళ్లు. ఏడు నెలలుగా తెల్లబట్ట సమస్య. మందుల షాపులో ఫంగస్ క్రీమ్ అడిగి తెచ్చుకున్నాను. వాడిన వారం కాస్త బాగున్నట్టుంటుంది, నెలసరి కాగానే మళ్లీ మొదలు. ఇలా మూడుసార్లు అయింది. దురద పెద్దగా లేదు. పల్చగా, కొంచెం బూడిద రంగులో అవుతుంది. నన్ను కుంగదీస్తున్నది వాసన. నీచు వాసన. కలయిక తర్వాత మరీ ఎక్కువ. మా ఆయన ఒక్క మాట కూడా అనలేదు, నేనే పక్కకు జరిగి పడుకుంటున్నాను.

శుభ్రత చాలడం లేదేమోనని రోజుకు రెండుసార్లు సబ్బు పెట్టి, లోపలిదాకా నీళ్లు కొట్టి కడుక్కుంటున్నాను. ఇక మందులు కాకుండా సహజంగా, మూలం నుంచి సరిచేసుకోవాలని ఉంది. వెనిగర్ కలిపిన నీళ్లు, వెల్లుల్లి రెబ్బ, టీ ట్రీ నూనె, ప్రోబయోటిక్ మాత్రలు అని రకరకాలుగా చదివాను. వీటిలో ఏది మొదలుపెట్టమంటారు?

మల్లెతీగ:
వెల్లుల్లి జోలికి వెళ్లకు చెల్లీ. నేను ఒక రెబ్బ ఒలిచి రాత్రి లోపల పెట్టుకుని పడుకున్నాను. గంట తిరక్కుండానే మంట. తీసేసినా ఆగలేదు, తెల్లారేదాకా కూర్చునే ఉన్నాను. డాక్టర్ చూసి కాలిన గాయంలా ఉందన్నారు. మూత్రానికి వెళ్లాలంటే పది రోజులు భయపడ్డాను. అది పచ్చి వెల్లుల్లి, అరచేతి మీద రుద్దినా మండుతుంది. అంత సున్నితమైన చోట ఎలా పెట్టుకున్నానా అని ఇప్పటికీ బాధపడతాను.

పచ్చనాకు:
నేను ప్రకృతి వైద్యురాలిని. ఇదే బాధతో వచ్చేవాళ్లను పన్నెండేళ్లుగా చూస్తున్నాను. వాళ్లలో ఎక్కువమంది చేత ముందు ఒక పని మాన్పిస్తాను: లోపల కడగడం. మీరూ ఈ రోజే మానేయండి.

ఎందుకో చెప్తాను. యోని గోడల కణాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ఉంటుంది. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ దాన్ని పోగుచేస్తుంది. దాని మీద బతికే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తూ లోపలి పీహెచ్‌ను, అంటే పులుపును కొలిచే అంకెను (ఎంత తక్కువైతే అంత పులుపు), 3.8 నుంచి 4.5 మధ్య నిలుపుతాయి. ఆ పులుపులో చాలా రకాల చెడు క్రిములు సరిగా పెరగలేవు. డోడర్లీన్ అనే జర్మన్ వైద్యుడు 1892లోనే ఈ బ్యాక్టీరియాను వర్ణించాడు. ప్రకృతి వైద్యంలో మేం నమ్మే మాట ఒకటుంది, శరీరానికి తనను తాను బాగుచేసుకునే శక్తి ఉందని. ఈ విషయంలో అది అక్షరాలా నిజం. సబ్బు క్షారం, దాని పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. మీరు రోజుకు రెండుసార్లు ఆ పులుపును విరగ్గొట్టి, కాపలా కాసే బ్యాక్టీరియానే నీళ్లతో తోసేస్తున్నారు. వెనిగర్ నీళ్లు కొట్టినా అంతే. పులుపు కాసేపే ఉంటుంది, కడిగిన నష్టం మిగిలిపోతుంది.

ఇక రెండో సంగతి. మీరు చెప్పినదాన్నిబట్టి ఇది ఫంగస్‌లా లేదు. ఫంగస్ అయితే విపరీతమైన దురద, విరిగిన పాలలాంటి చిక్కటి తెలుపు ఉంటాయి, వాసన దాదాపు ఉండదు. పల్చటి బూడిద రంగు, కలయిక తర్వాత పెరిగే నీచు వాసన అంటే బ్యాక్టీరియల్ వజైనోసిస్, అంటే మంచి బ్యాక్టీరియా తగ్గి వేరేవి పెరిగిపోవడం, అని నా అనుమానం. వీర్యం క్షారగుణం కలది కాబట్టి అప్పుడు వాసన పైకి తేలుతుంది. అయితే ట్రైకోమోనాస్ అనే సుఖవ్యాధిలోనూ వాసన రావచ్చు. రాతలు చదివి తేల్చే విషయం కాదిది. దూదిపుల్లతో లోపలి స్రావం నమూనా (స్వాబ్) తీయించుకోండి. పీహెచ్ పరీక్ష, మైక్రోస్కోప్ కింద చూడటం, ఇంతే పని. ఏడు నెలలు వేరే జబ్బు మందు వాడి ఉంటే తగ్గకపోవడంలో మీ తప్పేమీ లేదు, మీ శుభ్రత లోపం అసలే కాదు.

టీ ట్రీ నూనె పొరను రేపుతుంది, వద్దు. కొందరు బోరిక్ ఆమ్లం క్యాప్సూల్స్ గురించి చెప్తారు. డాక్టర్ చెప్తేనే వాడాలి, మింగితే విషం, గర్భిణులకు పనికిరాదు. ప్రోబయోటిక్స్‌లో అన్నీ ఒకటి కావు. లాక్టోబాసిల్లస్ క్రిస్పేటస్ అనే రకాన్ని మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మందు తర్వాత యోనిలో వాడి చూసిన పరిశోధన 2020లో వచ్చింది. 12 వారాలలోపు తిరగబెట్టినవాళ్లు 30 శాతం, ఉత్తుత్తి మందు వాడినవాళ్లలో 45 శాతం. గమనించండి, ముందు మందు, ఆ తర్వాత బ్యాక్టీరియా. నోటితో మింగే ఏ మాత్రైనా ఇదే పని చేస్తుందని నేను చెప్పలేను.

ఇంకొకటి, మీ ఆయనతో మాట్లాడండి. ఒకే భాగస్వామి ఉన్న జంటల మీద ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధన 2025లో వెలువడింది. భర్తకూ మాత్రలు, క్రీమ్ ఇచ్చిన జంటల్లో 12 వారాల్లో 35 శాతం మందికే తిరగబెట్టింది, భార్యకు మాత్రమే ఇచ్చినచోట 63 శాతం మందికి.

నా పద్ధతిలో ఇచ్చేది చాలా తక్కువ. బయట మంటగా ఉంటే గోరువెచ్చని ఉత్త నీళ్లలో పది నిమిషాలు తొట్టి స్నానం. గాలాడే నూలు లోదుస్తులు. సువాసన ప్యాడ్లు, స్ప్రేలు వద్దు. ముందు నుంచి వెనక్కే తుడుచుకోవాలి. నిద్ర, ఒత్తిడి గురించి కూడా నేను అడుగుతాను, అయితే అవి మందుకు బదులు కావు. పొత్తికడుపు నొప్పి, జ్వరం, మధ్యలో రక్తం కనిపించడం, లేదా గర్భం ఉంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

గోధూళి:
నాకు 57. నెలసరి ఆగాక పొడిబారి మంట మొదలైతే నేనూ సబ్బు పెంచాను, మంటా పెరిగింది. నాది ఇన్ఫెక్షనే కాదట, ఈస్ట్రోజెన్ తగ్గడమట. లోపల రాసే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఇచ్చారు. జబ్బు పేరు తెలియకుండా వైద్యం మొదలుపెట్టకమ్మా.

వానచినుకు:
అందరికీ కృతజ్ఞతలు. ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. పచ్చనాకు గారూ, మీరు అన్నదే. పీహెచ్ 5 దాటింది, స్లైడులో క్లూ కణాలు, అంటే బ్యాక్టీరియా అంటుకుని ఉన్న యోని కణాలు, కనిపించాయి. ట్రైకోమోనాస్ లేదు. మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాములు, రోజుకు రెండు, ఏడు రోజులు. డాక్టర్‌ని అడిగితే మా ఆయనకూ రాశారు. ఆయనకు చెప్పడానికి మూడు రాత్రులు పట్టింది. విని, "ఇన్ని నెలలు ఒక్కదానివే ఎందుకు పడ్డావు" అన్నారు.

లోపల కడగడం మానేశాను. మొదటి వారం మనసు ఒప్పుకోలేదు, కుళాయి దగ్గరికి వెళ్లి వెనక్కి వచ్చేదాన్ని. ఇప్పుడు బయట ఉత్త నీళ్లే. మొన్న నెలసరి అయి ఆరు రోజులైంది, వాసన రాలేదు. ఇంకో రెండు నెలసరులు చూసి మళ్లీ రాస్తాను.