సుగ్గికి (వలస పనికి) బెంగళూరు పోయినోళ్లు దినాల లెక్క ఎట్ల పెట్టుకుంటున్నారు?

కోసిగి పిల్లోడు
అమ్మానాయన, నేను, చెల్లెలు సంక్రాంతి అయినాక బెంగళూరులో అపార్ట్‌మెంటు పనికి పోయి మొన్న ఊరికొచ్చినాం. మేస్త్రి 64 దినాలే అంటాడు. మా లెక్కకు 71. పోయేటప్పుడు ఇచ్చిన అడ్వాన్సు 20,000 కూడా అందులోనే పట్టుకున్నాడు. దినాలు రాసే పుస్తకం ఆయప్ప దగ్గరే ఉంది. ఏం చేయాల?

ఆదోని అక్క
మేం ఈసారి గుంటూరు పక్క మిరపకోతకు పోయినాం. అక్కడ కిలోల లెక్క, సాయంత్రం కాటా కాడనే తేలిపోతాది. చేతులే రాత్రంతా మంట. అన్నం కలుపుకోలేక చెంచాతో తింటే దొరసానమ్మ అని నవ్వినారు. అది సరేగానీ, చెల్లెలి బడి మాన్పించినారా అబ్బీ? వలసపోయేవాళ్ల పిల్లోళ్లకు సీజనల్ హాస్టళ్లు పెడతారు గదా, అడగకపోతిరా?

కదిరి సెంట్రింగ్
ఆ 7 దినాలు యాడ పోయినాయో నేను చెప్తా. వానొచ్చి మధ్యాహ్నం పని ఆపితే ఆ పొద్దు సున్నా. స్లాబు వేసే దినం రాత్రి పదిదాకా చేసినా ఒక్క దినమే. నాకు రెండేండ్లు ఇట్లనే పోయింది. ఇప్పుడు సాయంత్రం కాళ్లు కడుక్కోకముందే "ఈ పొద్దు ముగ్గురం" అని మేస్త్రికే వాట్సాప్‌లో వాయిస్ పెడతా. జవాబియ్యడు, నీలం టిక్కులు పడతాయి. నాకది చాలు. కట్టడం పనోళ్ల కార్డుకు కూడా ఏడాదిలో 90 దినాలు చేసినట్టు చూపించాల, 18 నుంచి 60 ఏండ్ల లోపు ఉండాల. మేస్త్రి పుస్తకాన్ని నమ్ముకుంటే ఆ 90 ఎప్పటికీ రావు.

పత్తికొండాయన
బియ్యం అక్కడ కొనకండి. ఆధార్ కలిపిన రేషన్ కార్డు నంబరు చెప్పి వేలు పెడితే కర్ణాటకలో కూడా ఇస్తారు, మనిషికి 5 కిలోలు. కేంద్రం కింద ఉన్న కార్డులకే. మన రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డయితే ఆడ పనిచేయదు. మా బావమరిది డిపో కాడ రెండు గంటలు నిలబడినాక తెలిసింది.

కోసిగి పిల్లోడు
హాస్టల్ సంగతి మాకెవరూ చెప్పలేదక్కా. కదిరన్నా, మా అమ్మ కూడా లెక్క పెట్టింది. షెడ్డు రేకు మీద బొగ్గుతో గీతలు. పోయిన వారం ఆ రేకులన్నీ పీకి ఇంకో సైటుకు తోలినారంట.

కదిరి సెంట్రింగ్
ఫోటో తీయలేదా?

కోసిగి పిల్లోడు
లేదన్నా. చెల్లెలు వచ్చేముందు దినం షెడ్డులో రీలు తీసింది. వెనకాల గీతలు కనపడతాండాయి. ఆపి ఆపి లెక్కపెడతాండా. ఇప్పటికి 58, ఇంకా రెండు వరసలున్నాయి.