నేరు కాపీ కుదరనప్పుడు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగం) సర్దుకోవాలా, ఎర్రర్ ఇచ్చి తప్పుకోవాలా?

కావలి తీరం:
రొయ్యల హేచరీలో నీటి ఉప్పదనం, ఆక్సిజన్ నమోదు చేసే పరికరం ఫైళ్లను ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) ఉన్న పెన్‌డ్రైవ్‌లో ఇస్తుంది. వాటిని సర్వర్‌లోని ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ డిస్కుకు చేర్చే ప్రోగ్రామ్‌లో కాపీ_ఫైల్_రేంజ్ వాడాను, అంటే కాపీ పనిని కెర్నల్‌కే అప్పగించే సిస్టమ్ కాల్. లైనక్స్ 5.15లో చక్కగా నడిచింది. కొత్త కెర్నల్‌కు మార్చగానే ‘ఎక్స్‌డెవ్’ (ఫైల్ సిస్టమ్‌లు వేరు, కుదరదు) అనే ఎర్రర్. ఫైల్ సిస్టమ్‌లు వేరైతే ఏమిటి? కెర్నలే చదివి రాసేయవచ్చు కదా?

ఒంగోలు సమీక్షకుడు:
రాసింది కూడా, అందుకే ఈ తంటా. 2016లో 4.5తో వచ్చినప్పుడు ఈ కాల్ ఒకే ఫైల్ సిస్టమ్ లోపలే పనిచేసేది. 2019లో 5.3 ఆ గడియ తీసేసింది. ప్రాక్, ట్రేస్‌ఎఫ్‌ఎస్ వంటి, కెర్నల్ తన సమాచారం చూపే, డిస్కులో లేని ఫైల్ సిస్టమ్‌లలో ఫైల్ సైజు సున్నా అని కనిపిస్తుంది. అందులోని సమాచారం చదివేటప్పుడే పుడుతుంది. కెర్నల్ ఆ సున్నాను నమ్మి సున్నా బైట్లు తిరిగి ఇచ్చేది. ఈ కాల్ భాషలో సున్నా అంటే ఫైల్ చివరికి వచ్చామని. ప్రోగ్రామ్ సంతోషంగా ఖాళీ ఫైల్ మిగిల్చి వెళ్లిపోయేది, ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. గో భాష లైబ్రరీ ఈ కాల్‌ను వాడడం మొదలుపెట్టాక ఇది బయటపడింది. 2022లో 5.19 మళ్లీ గేటు వేసింది: రెండూ ఒకే రకం ఫైల్ సిస్టమ్‌లై, అది ఈ పనికి సిద్ధంగా ఉంటేనే అనుమతి.

నెల్లూరు నుంచి:
ప్రాక్ చేసిన తప్పుకు పెన్‌డ్రైవ్‌కు శిక్షా? దాన్ని ఒక్కదాన్నే ఆపితే సరిపోయేది. ఇప్పుడు ప్రతి ప్రోగ్రామరూ చదివి రాసే ఆ లూప్‌ను తన చేత్తో రాసుకోవాలి. పదిమంది రాస్తే పది రకాల బగ్‌లు. ఈ మార్పు ఎవరి సౌకర్యం కోసమండీ?

ఒంగోలు సమీక్షకుడు:
లూప్ ఎలాగూ రాయాల్సిందే. అడిగినదానికంటే తక్కువ బైట్లే కాపీ చేసి తిరిగిరావడం ఈ కాల్‌కు హక్కు. కోడ్ చూసేటప్పుడు నేను మొదట వెతికేది ఆ తిరిగొచ్చిన సంఖ్యను ఎవరైనా చూశారా అనే. ప్రోగ్రామ్‌లు కెర్నల్‌ను పిలిచేందుకు వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీ, 2.27లో మీరు కోరినట్టే లోపల్లోపల సర్దుబాటు చేసింది. కెర్నల్ తీరుతో పొసగక 2.30లో తీసేసింది. పైగా ఈ కాల్ గొప్పదనమంతా బీటీఆర్‌ఎఫ్‌ఎస్, ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లలో డేటాను మళ్లీ రాయకుండా డిస్కు బ్లాకులను పంచుకోవడంలో, నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ ఎన్‌ఎఫ్‌ఎస్ 4.2లో సర్వరే కాపీ చేసుకోవడంలో ఉంది. పెన్‌డ్రైవ్ నుంచి డిస్కుకు ఇవేవీ వర్తించవు. ఎక్స్‌డెవ్ వస్తే మామూలు రీడ్, రైట్‌కు దిగండి.

నెల్లూరు నుంచి:
దిగుతాం. కానీ 5.3 నుంచి 5.18 దాకా నడిచిన ప్రోగ్రామ్ ఆ తర్వాత ఆగిపోవడాన్ని సరిదిద్దడం అంటే నేను ఒప్పుకోను.

కావలి తీరం:
నాకైతే ఖాళీ ఫైల్ కంటే ఎర్రరే నయం. సాయంత్రం ఆక్సిజన్ లెక్క సున్నా అని కనిపిస్తే రాత్రంతా హేచరీ ట్యాంకుల దగ్గరే.