అపు ఆ పూసల దండను చెరువులోకి ఎందుకు విసిరాడు?

సత్యజిత్ రాయ్ బెంగాలీ సినిమా ‘పథేర్ పాంచాలి’ (1955) చూసినవారు దయచేసి సాయం చేయండి. తన కూతురి పూసల దండను అపు అక్క దుర్గ దొంగిలించిందని పొరుగింటావిడ గొడవ చేస్తుంది. దుర్గ తీయలేదంటుంది. అయినా తల్లి సర్వజయ అవమానం భరించలేక పిల్లను చావబాదుతుంది. దుర్గ చనిపోయాక, ఇల్లు ఖాళీ చేసి కాశీకి బయలుదేరే ముందు ఆ దండ అపు కంటపడుతుంది. వాడు ఎవరికీ చెప్పడు. పరుగున వెళ్లి చెరువులోకి విసురుతాడు. నాచు పక్కకు తొలగి, మెల్లగా మళ్లీ కమ్ముకుంటుంది.

అక్క పరువు కాపాడటానికే అలా చేశాడని చాలామంది అంటారు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఆ ఒక్క అర్థంతో మనసు ఒప్పుకోవడం లేదు. దుర్గ కోరుకున్నవన్నీ చిన్నవే: ఓ జామకాయ, మిఠాయి, కాస్త తళుకు కాగితం. పక్కింటి పిల్ల మెడలోని ఆ పూసలు ఆమెకు ఎప్పటికీ దక్కని బాల్యమే కదా! తల్లి చేతిలో పెడితే కొట్టిన దెబ్బలు న్యాయమేనని ఆమెకు ఊరట కలిగేదా, లేక కూతురు అబద్ధమాడిందన్న బాధ మిగిలేదా? ఏడెనిమిదేళ్ల పిల్లవాడు అంత ఆలోచించగలడా?

ఆ నాచు కమ్ముకునే షాట్‌ను మీరెలా అర్థం చేసుకున్నారు? సినిమాలోని వేరే దృశ్యం ఏదైనా దీనికి ఆధారంగా కనిపిస్తే అదీ చెప్పండి.