క్రెడిట్ కార్డులో బకాయికి మించి కట్టి, ఆ మిగులును ఆసుపత్రి ఖర్చుకు వాడుకోవచ్చా?

ప్రశ్న — గుణుపురం బట్టల వ్యాపారి

సభ్యులందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. వచ్చే నెలలో మా నాన్నగారికి విశాఖపట్నంలో మోకాలి ఆపరేషన్ ఉంది. చేర్చుకునే రోజునే 1,40,000 రూపాయలు అడ్వాన్సుగా కట్టాలని ఆసుపత్రివారు చెప్పారు. నా క్రెడిట్ కార్డు లిమిట్ 60,000, అందులో ఇప్పటికే 12,000 వాడుకున్నాను. దుకాణంలో వచ్చేది సగానికి పైగా నగదే కనుక, అంత సొమ్ము సంచిలో పెట్టుకుని రైలెక్కడం కంటే ముందుగానే కార్డుకు 1,12,000 కట్టేస్తే, బకాయి తీరగా మిగిలిన లక్ష లిమిట్‌కు కలిసి 1,60,000 వరకు ఒకేసారి గీకవచ్చునని మా బావమరిది అంటున్నాడు. మా ఊరి శాఖలో అడిగితే కార్డుల వ్యవహారం తమ చేతిలో లేదని, ఫోన్ చేసి కనుక్కోమని చెప్పి పంపేశారు. ఇలా కట్టడం సరైన పనేనా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు — జయపురం విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

మీ బావమరిది గారి లెక్కలో తప్పు లేదు. బకాయికి మించి కట్టిన సొమ్ము కార్డు ఖాతాలో మీ పేరిట జమగా నిలుస్తుంది. స్టేట్‌మెంట్‌లో కట్టవలసిన మొత్తం దగ్గర తీసివేత గుర్తో, పక్కన సీఆర్ అనే అక్షరాలో కనిపిస్తాయి, మీరు ఖర్చు పెట్టినప్పుడు ముందుగా ఆ జమే తరుగుతుంది. చాలా బ్యాంకులు ఆ జమను కలుపుకుని వాడుకోదగిన లిమిట్‌ను పెంచి చూపిస్తాయి. అయితే ఇది మీకు హక్కుగా వచ్చే సదుపాయం కాదు. కొన్ని బ్యాంకుల యాప్‌లు బకాయిని మించిన మొత్తాన్ని అసలు తీసుకోవు. కొన్ని తీసుకున్నా, 60,000 లిమిట్ ఉన్న కార్డులోకి ఒక్కసారిగా లక్ష అదనంగా వచ్చి పడితే అనుమానించి వివరణ అడుగుతాయి, లేదా సొమ్ము తిప్పి పంపుతాయి. ఆపరేషన్ ముందు రోజు ఆ చిక్కు వస్తే ఫోన్ పట్టుకుని కూర్చోవలసింది మీరే.

ఇంకొక విషయం. ఆ లక్షకు వడ్డీ రాదు. కార్డు పోయి ఎవరైనా మోసంగా గీకితే, మామూలుగా అయితే తగువు బ్యాంకు సొమ్ము మీద నడుస్తుంది, మిగులు ఉన్నప్పుడు మాత్రం ముందు కరిగేది మీ సొంత డబ్బు. ఏటీఎంలో తీసుకుందామన్నా, చాలా కార్డుల షరతుల ప్రకారం జమ ఉన్నప్పటికీ నగదు తీసినందుకు రుసుము పడుతుంది.

జవాబు — పర్లాకిమిడి లెక్కల గుమాస్తా

పై జవాబుతో నేను ఏకీభవిస్తున్నాను, కానీ అసలు మెలిక నగదు దగ్గర ఉంది. ఒక ఆర్థిక సంవత్సరంలో క్రెడిట్ కార్డు బిల్లులకు నగదుగా కట్టిన మొత్తం లక్ష రూపాయలు గానీ అంతకు మించి గానీ అయితే, లేదా ఇతర మార్గాల్లో కట్టినది 10 లక్షలు చేరితే, కార్డు ఇచ్చిన సంస్థ ఆ వివరాన్ని ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలి. అది మీ వార్షిక సమాచార నివేదికలో కనిపిస్తుంది. దానివల్ల పన్ను పడదు, భయపడవలసిన పనీ లేదు, కానీ దుకాణం లెక్కల్లో ఆ నగదు ఎక్కడి నుంచి వచ్చిందో చూపించగలగాలి. ఎలాగూ చూపించాలి కనుక, ఆ సొమ్మును దుకాణం ఖాతాలోనే జమ చేసి అక్కడి నుంచి కట్టడం మేలు.

జవాబు — విశాఖలో ఉంటున్న బరంపురం ఆడపడుచు

అన్నయ్య గారూ, నేను ఒక ఆసుపత్రి బిల్లింగు కౌంటరులో పనిచేస్తున్నాను. మీ కార్డులో ఇప్పుడే 48,000 వాడుకోవచ్చు కదా, 1,40,000లో అది పోగా కావలసింది 92,000. యూపీఐలో రోజుకు సాధారణంగా లక్ష వరకు పంపవచ్చు, పైగా ఆసుపత్రులకు ఆ పరిమితిని 5 లక్షలకు పెంచుతున్నట్టు రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరులోనే ప్రకటించింది. మీ బ్యాంకు అంతకంటే తక్కువ పరిమితి పెట్టి ఉంటే యాప్‌లో చూసుకోండి. అడ్వాన్సును రెండు ముక్కలుగా కట్టడం మా దగ్గర రోజూ జరిగే పనే. రెండు రసీదులూ రోగి పేరుతోనే తీసుకుని దాచుకోండి, బీమా సొమ్ము కోసం దరఖాస్తు పెట్టేటప్పుడు రెండూ అడుగుతారు.

మరొకటి, కార్డుతో కట్టిన అడ్వాన్సులో మిగిలినది మామూలుగా ఆ కార్డుకే తిరిగి వెళ్తుంది. ముందే లక్ష మిగులు ఉన్న కార్డులోకి అది కూడా చేరితే లెక్క తేల్చుకోవడం కష్టం.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. మందులకు, బసకు పనికివస్తుందని బకాయి 12,000తో పాటు మరో పదివేలు మాత్రం అదనంగా కడితే ఇబ్బంది ఉంటుందా? ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చిన సొమ్మును బ్యాంకు తన దగ్గరే ఉంచేసుకుంటుందా?

జవాబు — జయపురం విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

పదివేలకు సాధారణంగా ఎవరూ అభ్యంతరం చెప్పరు, ఊరు వెళ్లే ముందు నేనూ అప్పుడప్పుడూ అలా కడుతుంటాను. తిరిగి వచ్చే సొమ్ము విషయంలో కార్డులపై రిజర్వు బ్యాంకు ఆదేశాలు మీకు అండగా ఉన్నాయి. బిల్లు కట్టేశాక అలా వచ్చిన జమ, లిమిట్‌లో ఒక శాతం లేదా 5,000 రూపాయలు, ఈ రెండింటిలో తక్కువైన దానిని మించితే, మీ సమ్మతి లేకుండా బ్యాంకు దానిని కార్డులో సర్దుకోకూడదు. మీ లిమిట్‌కు ఆ గీత 600 రూపాయలే. మీరు కోరితే కార్డులోని జమను మూడు పనిదినాల్లో మీ బ్యాంకు ఖాతాకు పంపాలి. ఆ కోరికను ఫోన్‌లో చెప్పి ఊరుకోక ఈమెయిల్‌లో పెట్టి, వారిచ్చే ఫిర్యాదు సంఖ్యను రాసి ఉంచుకోండి.