హమాలీ వీపు మీద బస్తా దూదిలా తేలుతోంది: కాగితం మీద నడక సైకిల్‌కి బరువు తెప్పించడం ఎలా?

గీతలపిచ్చి (ప్రశ్న)

A4 కాగితాల మీద పెన్సిల్‌తో ఒక నడక సైకిల్ వేస్తున్నాను, అంటే రెండు అడుగుల నడకను పదే పదే తిప్పి ఆడించే యానిమేషన్ బొమ్మల వరుస. పాత్ర, వీపు మీద యాభై కిలోల బియ్యం బస్తా మోసే హమాలీ. పక్కనుంచి కనిపిస్తాడు, ఎత్తు 15 సెం.మీ. సెకనుకు 24 ఫ్రేములు, టూస్ మీద, అంటే ఒక్కో బొమ్మ రెండేసి ఫ్రేములు. అడుగుకి 12 ఫ్రేములు. కాళ్లు చాచిన పోజు 1లో, 13లో ఉంది. ఒక కాలు ఇంకో కాలిని దాటే పోజు 7లో, 19లో ఉంది. మిగతా బొమ్మలన్నీ వీటి మధ్య సమానంగా పంచాను. అడుగు పొడవు సుమారు 6.5 సెం.మీ.

ఫోన్‌తో తీసి ఆడిస్తే బస్తా దూది మూటలా ఉంది. మనిషి రైలుపెట్టెలో నిలబడ్డట్టు సాఫీగా జారిపోతున్నాడు. నేల మీద ఆనిన పాదం జారుతోంది. సైకిల్ తిరిగి మొదలైన ప్రతిసారీ చిన్న తడబాటు. గీతలు కూడా వణుకుతున్నాయి.

డిస్నీ యానిమేటర్లు బిల్ టైట్లా, మిల్ట్ కాల్ వేసిన పాత్రలు చూస్తే బరువు కంటికే తెలిసిపోతుంది. అది వాళ్ల గీత గొప్పదనమా, లేక టైమింగా?

నాలుగోపోజు

తడబాటు సంగతి ముందు, అది తేలిక. 25వ బొమ్మ కూడా తీసి ఉంటారు. అది 1వ బొమ్మే కదా. రెండూ తీస్తే ఒకే పోజు నాలుగు ఫ్రేములు నిలబడుతుంది. 23తో ఆపి మళ్లీ 1కి వెళ్లండి.

ఇక బరువు. మీ సైకిల్లో రెండే పోజులున్నాయి, కావాల్సినవి నాలుగు. మడమ నేలను తాకే పోజు, ఆ వెంటనే మోకాలు వంగి ఒళ్లంతా కిందికి దిగే పోజు, కాలు దాటే పోజు, వెనక పాదం వేళ్లతో తోసి ఒళ్లు పైకి లేచే పోజు. బరువు కనిపించేది రెండోదాంట్లో. తాకిన క్షణంలో కాలు ఇంకా బరువు తీసుకోలేదు, తీసుకున్నాకే మోకాలు వంగుతుంది. మీరు 1 నుంచి 7 దాకా సగాలు చేసుకుంటూ పోయారు కాబట్టి ఆ దిగడం అనేదే లేదు. తల ఒకే గీత మీద పోతోంది. రైలుపెట్టె అనిపించడం అందుకే.

12 ఫ్రేముల అడుగులో ఒక చిక్కుంది. నాలుగు పోజులూ సమానంగా పంచితే 1, 4, 7, 10, 13 వస్తాయి. టూస్ మీద 4, 10 అనే బొమ్మలే ఉండవు. నేర్చుకునేటప్పుడు 16 ఫ్రేముల అడుగు పెట్టుకోండి. తాకడం 1, దిగడం 5, దాటడం 9, లేవడం 13, మళ్లీ తాకడం 17. మధ్యలో 3, 7, 11, 15. అన్నీ సగాలే, మూడో వంతుల గొడవ లేదు.

ఒంటి ఎత్తును మాత్రం సగాలకు వదలొద్దు. తాకే పోజులో నడుము ఎత్తును సున్నా అనుకోండి. 15 సెం.మీ. బొమ్మకి లెక్క ఇలా: 3లో 2 మి.మీ. కిందికి, 5లో 6 మి.మీ. కిందికి, 7లో ఇంకా 5 కిందే, 9లో 1 కింద, 11లో 2 పైకి, 13లో 3 పైకి, 15లో మళ్లీ 2, 17లో సున్నా. 3వది 1కి దగ్గర, 7వది 5కి దగ్గర, గమనించారా? అంటే గబుక్కున పడి, కింద కాసేపు ఆగి, కష్టపడి లేస్తాడు. ఇదే దూరాన్ని సమానంగా పంచితే అదే మనిషి గాలిబుడగ అవుతాడు. కీ బొమ్మ (కదలికను నిర్ణయించే ముఖ్యమైన పోజు) పక్కన నిలువు గీత గీసి, ఈ దూరాలను అడ్డగీతలుగా పెట్టుకుంటే అదే టైమింగ్ చార్ట్. కీ నంబరుకి సున్నా చుట్టండి, రెండు కీల మధ్య ముందుగా వేసే బ్రేక్‌డౌన్ బొమ్మ నంబరు కింద గీత గీయండి.

పాదానిది దీనికి పూర్తిగా తిరగేసిన సూత్రం. నేల మీద ఉన్నంతసేపూ అది వెనక్కి ఖచ్చితంగా సమాన దూరాలే జరగాలి. అడుగు పొడవు 64 మి.మీ. చేసుకోండి. 1 నుంచి 17కి ఎనిమిది జరుగుళ్లు, ఒక్కోటి 8 మి.మీ. కాగితం అడుగున నేల గీత మీద 8 మి.మీ.కో చుక్క పెట్టి అన్ని బొమ్మలకీ దాన్నే కింద పరుచుకోండి. ఎక్కడ తప్పుతారంటే, కొలవడానికి మడమనే పట్టుకుంటారు. 5 దాకా మడమ సరే. 9 దాటాక మడమ లేస్తుంది, అప్పుడు వేళ్ల మొదలు దగ్గర కొలవాలి. అరికాలు పూర్తిగా ఆనిన 5వ బొమ్మలో రెండు చోట్లా గుర్తు పెట్టుకుంటే లెక్క మారదు.

చేతులు మామూలు నడకలో బాగా చాచుకునేది దిగే పోజులో, తాకే పోజులో కాదు. మీ హమాలీ చేతులు బస్తా పట్టుకునే ఉంటాయి కాబట్టి ఆ బాధ లేదు.

పెగ్‌బార్

గీతల వణుకు గురించి. దానికి కారణాలు రెండు, వాటిని ముందు విడదీయాలి. ఒకే బొమ్మను కదపకుండా పదిసార్లు తీసి ఆడించండి. అప్పుడూ వెలుగు మినుకుమంటే తప్పు ఫోన్‌ది, ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ చేయండి. కిటికీ వెలుతురులో తీయొద్దు, మబ్బు అడ్డం వస్తే చాలు. ఇప్పుడు అదే కాగితాన్ని తీసి, మళ్లీ పెట్టి, పదిసార్లు తీయండి. అప్పుడు కదిలితే తప్పు కాగితాన్ని పెగ్‌లకు తగిలించే రంధ్రాలది.

కాగితాలన్నీ ఒకే చోట కూర్చునేలా పట్టే స్టూడియోల పెగ్ బార్‌కి మధ్యలో గుండ్రటి మేకు, అటూ ఇటూ పలచటి పలకలు రెండు. దాని పంచ్ మిషన్ ఖరీదు చూసి భయపడక్కర్లేదు. ఆఫీసు ఫైళ్లకు వాడే రెండు రంధ్రాల పంచ్ చాలు. రంధ్రాల మధ్య 80 మి.మీ., వ్యాసం సుమారు 6 మి.మీ. చెక్క మీద అదే దూరంలో రెండు గుండ్రటి పుల్లలు దిగగొట్టండి, పుల్ల రంధ్రంలో బిగుతుగా పట్టాలి. ఒకసారికి మూడు, నాలుగు కాగితాలకు మించి పంచ్ చేయొద్దు. కట్ట లావైతే అడుగు కాగితం పక్కకి జరుగుతుంది. పంచ్‌కి ఉండే అంచు కొలబద్దను ఒక చోట పెట్టి టేపుతో బిగించేయండి. రంధ్రం సాగిపోతే, ఇంకో కాగితంలోంచి కొత్త రంధ్రమున్న ముక్క కత్తిరించి పెగ్ మీద సరిచూసి అంటించాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా గీత వణికితే అది చేతి వణుకు. కదలని భాగాన్ని కూడా ప్రతి కాగితం మీదా కొత్తగా ట్రేస్ చేస్తే గీత తప్పకుండా ఉడుకుతున్నట్టు కదులుతుంది. ముందు నాలుగు కీలనూ శుభ్రం చేసి, వాటి మధ్య బొమ్మలు ఆ శుభ్రమైన గీతల నుంచే తీయండి. రఫ్‌ను రఫ్‌గానే ఇన్‌బిట్వీన్ చేసి (మధ్య బొమ్మలు వేసి) చివర్లో అన్నీ శుభ్రం చేద్దామనుకుంటే ముక్కు ఒక్కో బొమ్మలో ఒక్కో చోట ఉంటుంది.

ఇంకోటి, లైట్ బాక్స్ (కాగితాల కింద నుంచి వెలుగిచ్చే పెట్టె) ఆర్పేసి పని చేయడం అలవాటు చేసుకోండి. పెగ్‌లు కిందివైపు పెట్టుకుని, వేళ్ల మధ్య నాలుగైదు కాగితాలు ఇరికించి దొర్లించి చూస్తే కదలిక తెలుస్తుంది. వెలుగు పెట్టుకుంటే గీతలే తెలుస్తాయి.

సున్నపుగోడ

మీ చివరి ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. టైట్లా 1940లో ‘పినోకియో’ సినిమాకి చేసిన లావుపాటి విలన్ స్ట్రాంబోలిని తీసుకోండి. తెర మీద కనిపించే గీత ఆయనది కాదు. అప్పట్లో యానిమేటర్ పెన్సిల్ బొమ్మను క్లీనప్ వాళ్లు శుభ్రం చేసేవారు, దాన్ని ఇంకింగ్ విభాగం వాళ్లు సెల్ (పారదర్శకమైన షీటు) మీద సిరాతో తిరగరాసేవారు. పెన్సిల్ గీత జిరాక్స్ పద్ధతిలో నేరుగా సెల్ మీదికి రావడం 1961 నాటి డాల్మేషియన్ కుక్కల సినిమాతో డిస్నీలో పూర్తిస్థాయిలో మొదలైంది. ఇన్ని చేతులు మారాక కూడా స్ట్రాంబోలి పొట్ట బరువుగానే ఉంది. కాబట్టి బరువు గీత నాణ్యతలో లేదు. అలాగని చార్టులో మాత్రమే లేదు. ఒంట్లో ఏ భాగం ముందు కదిలింది, ఏది ఆలస్యంగా వచ్చింది అన్నదాంట్లో ఉంది. ఇంకో డిస్నీ యానిమేటర్ ఆర్ట్ బాబిట్ పదే పదే నేర్పింది కూడా ఇదే: కీళ్లన్నీ ఒకేసారి వంచకుండా ఒకదాని తర్వాత ఒకటి వంచడం. కాల్ 1967 నాటి ‘ద జంగిల్ బుక్’కి వేసిన పులి నడకను ఫ్రేము ఫ్రేముగా ఆపి చూడండి, ముందు పంజా మీద బరువు పడగానే భుజం ఎముక చర్మం కింద పైకి పొడుచుకొస్తుంది.

అందుకే నాలుగోపోజు గారి లెక్కతో నాకు కొంచెం పేచీ. ఆ 6 మి.మీ. దిగడం ఖాళీ చేతులతో పోయే లావుపాటి మనిషికి బాగుంటుంది. మార్కెట్ యార్డులో బస్తా మోసేవాళ్లను చూడండి, వాళ్లు ఎగిరెగిరి నడవరు. అంత బరువును ప్రతి అడుగుకీ ఎత్తి దించితే నాలుగు అడుగులకే అలిసిపోతారు. మోకాళ్లు ఎప్పుడూ పూర్తిగా చాచరు, అడుగులు పొట్టిగా, గబగబా పడతాయి, పాదం నేలకు రాసుకుంటున్నట్టే ఉంటుంది.

కాబట్టి 12 ఫ్రేములే ఉంచి అడుగును 48 మి.మీ.కి కుదించండి, బొమ్మకి అవే 8 మి.మీ. వస్తాయి. తాకడం 1, దిగడం 5, దాటడం 7, లేవడం 11. మొత్తం దిగడం 3 మి.మీ. దాటొద్దు, 7లో దాదాపు అక్కడే ఉండాలి, 11లో సున్నాకి పైన అర మిల్లీమీటరు చాలు. వెనక పాదం 3లోనే లేవకుండా 5 దాకా నేల వదలకూడదు. రెండు కాళ్లూ నేల మీద ఎక్కువసేపుంటేనే మోత తెలుస్తుంది.

బస్తా వేరుగా కదలాలి. ఒళ్లు 5లో అట్టడుగుకి వస్తే, బస్తా కింది బొజ్జ 7లో రావాలి, ఒక బొమ్మ ఆలస్యంగా. అప్పుడు అది వెడల్పులో రెండు మి.మీ. పెరిగితే ఎత్తులో ఆ మేరకు తగ్గాలి, లేకపోతే బియ్యం ఎక్కడినుంచో వచ్చి చేరినట్టుంటుంది. రెండు బొమ్మలు ఆలస్యం చేస్తే మాత్రం నీళ్ల సంచీ అయిపోతుంది. బియ్యం గట్టి సరుకు.

నాలుగోపోజు

ఒప్పుకుంటున్నా, మోతకి 3 మి.మీ. చాలు. అయితే ముందు 16 ఫ్రేముల ఖాళీ నడక ఒకటి వేసి, ఆ తర్వాత బస్తా ఎక్కిస్తే తేడా ఎక్కడొచ్చిందో కళ్లకు కడుతుంది.

గీతలపిచ్చి

12 ఫ్రేములు, 48 మి.మీ.తో మళ్లీ తీశా. బస్తా ఇప్పుడు బస్తాలా ఉంది. పాదం చుక్కల మీద సరిగ్గా కూర్చుంటోంది. కానీ వెనక గోదాము బొమ్మ పెట్టి ఫ్రేముకి 4 మి.మీ. చొప్పున జరిపితే పాదం మళ్లీ జారుతోంది. లెక్క సరిపోవాలి కదా?

పెగ్‌బార్

నేపథ్యం వన్స్ మీద, అంటే ప్రతి ఫ్రేముకీ, జరుగుతోంది, మనిషి టూస్ మీద ఉన్నాడు. ప్రతి రెండో ఫ్రేములో నేల 4 మి.మీ. వెనక్కి పోయింది, పాదం మాత్రం ఉన్నచోటే ఉంది. జారుతున్నది ఆ 4 మి.మీ.నే. నేపథ్యాన్ని కూడా రెండు ఫ్రేములకోసారి 8 మి.మీ. జరపొచ్చు, కానీ గోదాముకి నిలువు స్తంభాలుంటే అవి టకటక ఎగురుతాయి. అసలు మందు నడకను వన్స్ మీద వేయడమే: 24 బొమ్మలు. ఉన్న పన్నెండూ అలాగే ఉంచి 2, 4, 6 సరి నంబర్లు చేర్చండి. పాదం సరిగ్గా సగంలో, ఒళ్లు మాత్రం చార్ట్ ప్రకారం.